టైలరు తొందరపడ్డాడు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదైనా, వీధిలో జనం ఆ టైలరుకు పెట్టిన పేరు 'ఎల్లుండి'. బట్ట ఇచ్చినవాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. కుట్టుకు మాత్రం వంక పెట్టడానికి వీల్లేదు. అందుకే తిట్టుకుంటూనే మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ తిట్లలో మూడొంతులు భార్య చెవిన పడేవి. ముందు కూర్చుని హుక్కులు కుట్టేదీ, కాజాలు తీసేదీ, వచ్చినవాళ్లకు సర్దిచెప్పేదీ ఆవిడే మరి.

అలాంటి మనిషి ఉన్నట్టుండి చెప్పిన రోజుకే బట్టలివ్వడం మొదలుపెట్టాడు. చెప్పిన రోజు కంటే ముందే కబురు చేసి మరీ ఇచ్చాడు. వీధిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. భార్యకు మాత్రం గుండె జారిపోయింది.

బట్టల్ని నాన్చినట్టే రోగాన్నీ నాన్చాడు మహానుభావుడు. నెత్తురు పడుతుంటే మొలలేలే అని చాలాకాలం నెట్టుకొచ్చాడు. చివరికి ఆవిడ పోరు పడలేక వెళితే, అవి మొలలు కావు, పెద్దపేగులో క్యాన్సరు అన్నది డాక్టరమ్మ. "ఆలస్యమైంది గానీ చెయ్యి దాటిపోలేదు. ఆపరేషను చేసి మందులు ఎక్కిస్తే బాగుపడే అవకాశం బాగా ఉంది" అని కూడా అన్నది. ఖర్చులో సగం ఆసుపత్రి సహాయనిధి భరిస్తుందట. మిగతా సగానికి వీళ్లు దాచుకున్నదంతా ఊడ్చిపెట్టాలి.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఇంటికొచ్చి మిషనెక్కాడు. ఆపరేషను మాటెత్తితే "చూద్దాంలే" అనేవాడు. ఒకరోజు ఎవరో వచ్చి మిషను చుట్టూ తిరిగి, చక్రం తిప్పి చూసి, బేరమాడి వెళ్లాడు.

"మిషనెందుకు అమ్ముతున్నారు?" అని అడిగింది భార్య.

"డబ్బు నీకు పనికొస్తుందని."

"ఆపరేషనుకేగా?"

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "ఉన్నదంతా నా పేగుకి తగలేసి, ఆనక నేను పోతే, నువ్వు ఎవరి గుమ్మం ముందు నిలబడతావే? ఒకవేళ బతికినా, నేను మంచంలో ఉన్నన్నాళ్లూ ఏం తింటాం? ఎవరి బట్టలు వాళ్లకిచ్చేసి, నీకు నాలుగు రాళ్లు మిగిల్చిపోతే చాలు. ఆపరేషను చేయించుకోను."

కోపమొస్తే ఆవిడకు 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. "ఓహో! జన్మలో ఒక్క పని టైముకి చెయ్యని మనిషివి, చావడానికి మాత్రం తొందరొచ్చిందా?" అని అరిచి, లోపలికెళ్లి కడుపు చెరువయ్యేలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే కొలతల టేపు మెడలో వేసుకుని వీధిలోకి బయల్దేరింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "మా ఆయనకి క్యాన్సరు. ఆపరేషను కావాలి. ఆ తర్వాత కొన్ని నెలలు మిషను ముట్టుకోలేడు. ఎంత ఆలస్యమైనా ఆగేవాళ్లయితేనే బట్ట ఇవ్వండి. కూలి మాత్రం ముందే కావాలి."

మొదటి గుమ్మంలో ఆ మాట రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. మందుల షాపు వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చి, ఇంటికి సరిపడా కర్టెన్ల బట్ట ఇచ్చింది. మూడో గుమ్మం దాటేసరికి మాట నిలబడింది. గుండీల కొట్టాయన "తర్వాత చూద్దాంలేమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. వాడి మొహం, వాడి ఖర్మ. మొత్తానికి వచ్చిన కూలితో, ఆయన మంచంలో ఉండే నెలల్లో ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అప్పు కాదు, దానం అంతకన్నా కాదు.

బట్టల గుట్ట చూసి ఆయన ఇంతెత్తున లేచాడు. "నేను కుట్టనని తెలిసీ కూలి తెచ్చావా? ఇది మోసం కాదూ?"

"అన్నీ చెప్పే తెచ్చాను. ఇప్పుడు మోసమంటూ చేస్తే, కుట్టకుండా పోయి నువ్వే చెయ్యాలి."

ఆయన గుట్ట వైపు తిరిగాడు. పైనున్న కోటు బట్టకు గుచ్చిన కొలతల చీటీ చేతికందితే అదే తీసి చదివాడు. కళ్లు పెద్దవయ్యాయి. "భుజం కంటే మెడ పెద్దదా? ఇది మనిషికి తీసిన కొలతా, బీరువాకా?"

"ఎప్పుడైనా నేర్పిస్తేగా! తప్పైతే పిలిచి నువ్వే తీసుకో."

తప్పు కొలత ఇంట్లో ఉంటే ఆయనకు ముద్ద దిగదు. కబురు పెట్టాడు. కోటు తాలూకు మనిషి బ్యాంకు వాచ్‌మన్. వచ్చి గుమ్మం నిండా నిలబడి చేతులు పైకెత్తాడు. టైలరు ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు.

"నీకు కోటెందుకన్నా?"

"రిటైరవుతున్నా కదా. ఆ రోజు కోటేసుకుని మేనేజరు పక్కన కుర్చీలో కూర్చుంటా."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

"వచ్చే ఏడాది కోటుకి ఇప్పుడే బట్టిస్తారా ఎవరైనా?"

"నీకిచ్చేవాడు ఏడాది ముందు ఇవ్వకపోతే ఎలా? నేనే ఆలస్యం చేశానేమోనని బెంగగా ఉంది."

భార్య పకాలున నవ్వింది. టైలరూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే టేపు రెండు కొసలూ పట్టుకుని అలాగే వాచ్‌మన్ ఛాతీకి తల ఆనించి భోరుమన్నాడు.

"నాకు బతకాలనుందన్నా. చచ్చేంత భయంగా ఉంది."

డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చాక ఆయన ఆ మాట అనడం ఇదే మొదలు. ఆ మాట కోసమే భార్య ఇన్నాళ్లూ కాచుకుని ఉంది. భయం లేని ఆ మొగుణ్ణి చూసే ఆవిడకు వణుకు పుట్టింది. ఏడుస్తున్న ఈయన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

పైకెత్తిన చేతులు ఏం చేసుకోవాలో వాచ్‌మన్‌కు కాసేపు తెలియలేదు. మెల్లగా ఒకటి దించి టైలరు వీపు మీద వేశాడు. "భయపడు, తప్పేముంది? ఆ భయపడేదేదో ఆపరేషను చేయించుకుంటూ భయపడు."

టైలరు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "మిషను కొంటానన్నవాణ్ణి రావద్దని చెప్పు" అన్నాడు భార్యతో. "ఆసుపత్రికి ఫోను చెయ్యి."

ఆవిడ చేసింది. అవతల ఎవరో పలికారు. "మా ఆయన చేయించుకుంటానంటున్నారండీ" అన్నది. ఆపైన వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఫోను ఆయనే అందుకుని, ఏ రోజు రావాలో అడిగాడు.