తెల్లగౌనుకు పసుపు

తెల్లబట్టంటే నాకు భయం. ఇందులో దాపరికం ఏం లేదు. మా నాన్న పోయాక పెద్దకర్మ నాడు మా అమ్మని లోపలిగదిలోకి తీసుకెళ్ళి తెల్లచీర కట్టించి బయటికి తెచ్చారు. అది చూసి నేను హడలిపోయి పక్కింటికి పారిపోయాను. ఊరు మారింది, దేశం మారింది, సింగపూర్ వచ్చి జురాంగ్ వెస్ట్‌లో పదకొండో అంతస్తులో కాపురం పెట్టి పాతికేళ్ళు కావస్తోంది, ఆ భయం మాత్రం నన్ను వదల్లేదు. అలాంటి నేను నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి తెల్లగౌను కుట్టాను. నా మిషన్ మీద, నా చేతుల్తో నేనే.

మా అమ్మాయి పేరు ఆమని. రెండేళ్ళ కిందట నవనీత్ అనే కుర్రాడి వెంట వాళ్ళ చర్చికి వెళ్ళి, వెళ్ళినది వెళ్ళినట్టే అందులో కలిసిపోయింది. వాళ్ళూ తెలుగువాళ్ళే, రాజమండ్రి వైపు. నవనీత్ వాళ్ళమ్మ పేరు సీతాదేవి. సీతాదేవి అని పేరు పెట్టుకుని చర్చేవిటండీ అని మా ఆయన జనార్దనరావు గారి దగ్గర ఎన్నిసార్లు సణిగానో. లోకం వాళ్ళని మోర్మన్లు అంటుంది. వాళ్ళకి ఆ పేరు నచ్చదు, చర్చి పూర్తి పేరే చెప్పమంటారు, అది చెప్పడం అయ్యేలోపు నా పొయ్యి మీద పప్పు మాడిపోతుంది. మందు ముట్టరు సరే, కాఫీ కూడా తాగరు. కాఫీ తాగని వియ్యపురాలితో కూర్చుని ఏం మాట్లాడతాం చెప్పండి? కానీ మంచి మనుషులు. అదే నా ఖర్మ, తిట్టుకుందామంటే కారణం దొరకలేదు.

రిజిస్టర్ పెళ్ళి పోయిన వారం ఇక్కడే అయిపోయింది. వాళ్ళ దృష్టిలో అసలు పెళ్ళి మాత్రం వాళ్ళ గుడిలో జరగాలి. టెంపుల్ అంటారు. ఆదివారం వెళ్ళే చర్చి వేరు, ఇది వేరు. సింగపూర్‌లో ఇంకా లేదు గనక బ్యాంకాక్ వెళ్ళాలి. అందులోకి వాళ్ళ మతంవాళ్ళలో కూడా పెద్దల అనుమతి ఉన్నవాళ్ళనే పోనిస్తారు. కన్నతల్లైనా సరే, బయట కూర్చోవలసిందే. లోపల ఏం చేస్తారే అంటే, "అది సేక్రెడ్ అమ్మా, అన్నీ చెప్పకూడదు" అంటుంది ఆమని. ఒక్కటి మాత్రం చెప్పింది. మొగుడూ పెళ్ళాల్ని అక్కడ చచ్చేదాకా కాదట, చచ్చాక కూడా విడిపోకుండా ముడేస్తారట. పుట్టబోయే పిల్లలు కూడా ఆ ముడిలోనే ఉంటారట. మరి నేనో? ఆ మాట నోటిదాకా వచ్చింది. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఏం జవాబు చెబుతుందోనని భయం.

లోపల ఆడా మగా అందరూ తెల్లబట్టలేనట. చర్చివాళ్ళే బయటపెట్టిన వీడియో ఒకటి ఉంటే ఫోన్‌లో చూపించింది. గౌను మీద ఇంకా కొన్ని వేసుకోవాలి. తెల్లటి పైవస్త్రం, నడుముకో కట్టు, తలకి మేలిముసుగు, ఆ తెలుపంతటి మీదా ఆకులు కుట్టిన ఆకుపచ్చ ఏప్రన్. ఆదాము అవ్వలు ఆకులు కట్టుకున్నారు కదా, దానికి గుర్తట. ఆకుపచ్చ బాగానే ఉంది. మిగిలిన తెల్లబట్టలన్నీ అలా బల్ల మీద పరిచి ఉంటే నాకేం గుర్తొచ్చిందో నోటితో అనను. ఫోన్ బోర్లా పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

గౌను నన్ను కుట్టమన్నది సీతాదేవి గారే. "వదినగారూ, మిమ్మల్ని బయట కూర్చోబెట్టాలంటే నాకూ కష్టంగానే ఉంది. గౌను మీరు కుట్టండి. మీరు రాకపోయినా మీ చేతి కుట్టు అమ్మాయి ఒంటిమీద లోపలికొస్తుంది" అంది ఫోన్లో. ఎంత మాట! ఆ మాటకి నేను పడిపోయాను. చుట్టుపక్కల బ్లాకుల్లో తెలుగు ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా మిషన్ మీదే తయారవుతాయి, గౌను ఒక లెక్కా? మెడ దాకా ఉండాలి, చేతులు మణికట్టు దాకా ఉండాలి, పల్చగా ఉండకూడదు, నేల మీద ఈడవకూడదు, దారంతో సహా తెలుపు తప్ప ఇంకో రంగు ఉండకూడదు. అన్నీ ఒప్పుకున్నాను. అరబ్ స్ట్రీట్‌కి వెళ్ళి మంచి క్రేప్ గుడ్డ తెచ్చి కుట్టాను. కుడుతున్నంతసేపూ మా అమ్మ చీర కళ్ళముందు ఆడుతూనే ఉంది.

రేపు పొద్దున్నే ఫ్లైట్. ఇవాళ మధ్యాహ్నానికి అంచు మడతతో సహా పని పూర్తయింది. ఆమని ఆఫీసుకి వెళ్ళింది, మా ఆయన హాల్లో కునుకు తీస్తున్నారు. గౌను తలుపుకి తగిలించి చూశాను. గాలికి కదిలింది. లోపల మనిషి లేని తెల్లబట్ట అలా కదిలితే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఇంట్లో కొత్తబట్ట ఏదైనా సరే, జేబురుమాలైనా సరే, మూలన ఇంత పసుపు అంటించకుండా ఒంటిమీదికి వెళ్ళదు. ఇదొక్కటే వట్టిగా వెళ్ళాలా? అందులోనూ ఇది తెలుపు, అందులోనూ పెళ్ళికి. ఆ కుర్రాడికేమన్నా అయితే? నా పిల్లకి మా అమ్మ గతి పడితే? ఎవరికీ కనపడకుండా అంచు లోపలి మడతలో చిటికెడు పెడితే ఎవరికేం నష్టం? దేవుడి దగ్గరున్న పసుపు తడివేలితో తీసి అద్దేశాను. అద్దగానే ప్రాణం కుదుటపడింది.

ఆ కుదుటపడటం ఎంతసేపు! వేలికి తడి ఎక్కువైంది కాబోలు, చూస్తుండగానే పసుపు మడతలోంచి ముందువైపుకి ఊరింది. రూపాయి బిళ్ళంత. గబగబా బాత్రూంలోకి తీసుకెళ్ళి సబ్బు పెట్టి రుద్దాను. అది కాస్తా ఎర్రబడిపోయింది! అచ్చం నెత్తురే. పసుపులో సున్నం కలిపి దిష్టికి ఎర్రనీళ్ళు తీసే చేతులివి, పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియనిదాన్నా? భయంలో బుర్ర పనిచెయ్యలేదు. పెళ్ళిగౌను అంచు మీద నెత్తుటిమరక పట్టుకుని బాత్రూంలో నేల మీద కూలబడ్డాను.

నా కేకకి మా ఆయన లేచొచ్చారు. చూసి, "నిమ్మకాయ పిండు" అన్నారు. పిండితే ఎరుపు పోయింది, పసుపు మిగిలింది. "అమ్మాయికి ఫోన్ చేసి చెప్పెయ్ రాధా" అన్నారు. "మీరు ఊరుకోండి, మీ నోరు కదిలితే చాలు అపశకునమే" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎండలో పెడితే పసుపు మరక వెలిసిపోతుంది, అది నాకు తెలుసు. వంటింటి కిటికీ బయట బట్టలారేసే కర్రకి గౌను కట్టాను. పదకొండో అంతస్తు. గాలికి అది ఉబ్బి ఊగుతుంటే క్లిప్పులు చాలక, నేనే కిటికీలోంచి వంగి అంచు పట్టుకు నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే సీతాదేవి గారి ఫోను. "గౌను అయిందా వదినగారూ? సాయంత్రం వచ్చి తీసుకెళ్ళి సర్దుకుంటాను." అయిందండీ, ఇస్త్రీ ఒక్కటే మిగిలిందన్నాను. ఇలా తడుముకోకుండా అబద్ధమాడతానని నాకే తెలీదు.

మరక పలచబడింది. ఇంకాస్త ఎండ ఉంటే పోయేదే. ఈ ఊళ్ళో వాన ఎవర్ని అడిగొస్తుంది? బూన్ లే వైపు నుంచి నల్లగా కమ్మి ధడాలున పడింది. గౌను లోపలికి లాగేసరికి సగం తడిసింది. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి ఫ్యాన్ పెట్టాను. తలుపు తాళం తిరిగిన చప్పుడయింది. ఆమని పెందలాడే వచ్చేసింది.

టేబుల్ దగ్గరికి వచ్చి చూసింది. "ఏంటమ్మా అది?"

"పసుపు."

"వై?"

"వై ఏంటే వై? కొత్తబట్ట. నీ మొగుడు పచ్చగా ఉండాలని పెట్టాను. కనపడకుండా లోపలే పెట్టాను, అదే బయటికొచ్చింది."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ నాలుగు అరిచి తేల్చుకునేదాన్ని. అది కుర్చీలో కూర్చుని, మరక మీద వేలు పెట్టి, "ఇట్స్ ఓకే లా" అంది, ఇక్కడి పిల్లల యాసలో. "టెంపుల్‌లో గౌన్లు ఇస్తారు. నేను వాళ్ళది వేసుకుంటాను. టెన్షన్ పడకు."

ఆ ఓకే నా గుండెల్లో గునపంలా దిగింది. "ఏవిటే ఓకే? ఆకుపచ్చ ఏప్రన్‌కి చోటుంది గానీ చిటికెడు పసుపుకి లేదుటే మీ గుడిలో? నన్ను ఎలాగూ బయట కూర్చోబెడుతున్నారు. నేను కుట్టింది కూడా బయటేనా? లోపల నాదంటూ ఏం మిగిలింది నీ ఒంటిమీద?" అరుస్తున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "ఆ లోపలికి వెళ్ళి నువ్వు వాళ్ళకి ముడిపడిపోతావు. ఇక్కడే కాదు, పోయాక కూడా. వాళ్ళందరూ ఓ చోటుంటారు, నువ్వు వాళ్ళతో ఉంటావు. మరి నేనెక్కడుంటానే? చెప్పు, నేనెక్కడుంటాను?"

ఇన్నాళ్ళూ గొంతులో దాచుకున్న ప్రశ్న బయటపడిపోయింది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"నేను ఫస్ట్ డే అడిగింది అదే" అంది ఆమని. "మా అమ్మ సంగతేంటి, మా నాన్న సంగతేంటి అని. చనిపోయినవాళ్ళ కోసం కూడా చేస్తారమ్మా. నువ్వు పోయాక నేను తెల్లబట్టలు వేసుకుని, నీ పేరు మీద, నీ బదులు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటాను. తర్వాత నిన్నూ నాన్ననీ నన్నూ కలిపి కడతారు. అది తెలిశాకే నేను చర్చిలో చేరాను."

పెళ్ళిపిల్ల నోట నా చావు మాట! "అంటే, నేను పోయాక నన్నడక్కుండానే మీలో కలిపేస్తారా?"

"నో! అడుగుతారు. పోయాక నువ్వున్న చోటికి ఎవరో వచ్చి నిన్ను అడుగుతారు. నువ్వు యెస్ అంటేనే చెల్లుతుంది."

"అనకపోతే?"

దాని మొహం చిన్నప్పుడు లిఫ్టులో ఇరుక్కున్నప్పటిలా అయిపోయింది. "అదే అమ్మా నా భయం. నువ్వు దేనికీ యెస్ అనవు లా! చర్చికి నో, నవనీత్‌కి నో, హనీమూన్‌కి కూడా నో అన్నావు. అక్కడ తెల్లబట్టల్లో ఎవరో వచ్చి అడిగితే, 'చాల్లే పోవయ్యా, నీ మొహం' అని పంపించేస్తావు. నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. రేపు లోపలికి వెళ్ళాలంటే అందుకే భయంగా ఉంది."

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నేను అచ్చంగా అలాగే అంటాను. పదం పొల్లుపోకుండా అదే అంటాను. నా నోటి దురుసుకి ఇది ఇన్నాళ్ళ నుంచీ ఒక్కతే కూర్చుని భయపడుతోందా?

ఇంక ఆలోచించలేదు. కత్తెర తెచ్చాను. మరక ఉన్న చోట అంచు కత్తిరించేశాను. గౌను చేతులకి కత్తిరించగా మిగిలిన ముక్కలు ఉన్నాయి.

"అతుకు కనిపిస్తుందే" అన్నాను.

"కనిపించనీ. తెల్లగా ఉంది కదా. నేను ఇదే వేసుకుంటా. వాళ్ళ గౌను నాకెందుకు?"

మిషన్ ముందు కూర్చున్నాను. అది ముక్క జరిగిపోకుండా రెండు చేతుల్తో పట్టుకుంది. దాని చేతులు చల్లగా ఉన్నాయి. నేను తొక్కడం మొదలుపెట్టబోతుంటే, "అమ్మా, యెస్ అంటావా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. ఆ దేవుడు నాకు తెలీదు, ఆ అడగొచ్చేవాళ్ళెవరో నాకు తెలీదు. "నువ్వే వచ్చి పిలువు" అన్నాను. "నువ్వు పిలిస్తే వస్తాను. ఇంకెవరు పిలిచినా పలకను."

"నేను వచ్చి పిలవాలంటే నేను కూడా చచ్చిపోవాలి కదమ్మా" అంది. ఎదురుమాటగా అనలేదు, ఎలా కుదురుతుందా అని నిజంగానే ఆలోచిస్తూ అంది.

నా పాదం మిషన్ మీద బిగుసుకుపోయింది. తెల్లబట్ట ఒడిలో పెట్టుకుని, రేపు ప్రయాణం పెట్టుకుని, నేను నా బిడ్డని ఏం కోరాను! పసుపుకుంకాల కోసం ఇంత భయపడే మనిషిని, ఎంత మాట అనేశాను! దాని తల పట్టుకుని నా పొట్టకి అదుముకున్నాను.

"ఒద్దు, ఒద్దు. ఎవరొచ్చి అడిగినా ఔనంటాను. ఎవరొచ్చినా సరే, నోరెత్తకుండా వెళ్ళిపోతాను" అన్నాను. "నువ్వు మాత్రం తొందరపడి రాకు."