లేని బండ నీడలో

మా డిపార్ట్‌మెంట్‌లో ఆరుగురు పెద్దమనుషులు లేని బండ నీడలో కూర్చుని వచ్చారు. కూర్చున్నామని రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముందు ఆట సంగతి చెబుతాను. జియోక్యాషింగ్ అంటారు. ఒకరు చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. దొరికితే డబ్బాలోని కాగితం మీద సంతకం చేసి, డబ్బాను అక్కడే పెట్టేసి, యాప్‌లో 'దొరికింది' అని రాయాలి. దొరక్కపోతే 'దొరకలేదు' అని రాయాలి. అందులో నామోషీ ఏమీ లేదు, దాచినవాడికి మేలే. డబ్బా పోయిందేమోనని వెళ్లి చూసుకుంటాడు. ఇంతే ఆట. దీనికి కూడా అబద్ధం కావాల్సి వచ్చింది మావాళ్లకి.

కాజీపల్లిలో మందుబిళ్లలు చేసే కంపెనీ మాది. క్వాలిటీ హెడ్ సూర్యారావు సార్, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ టవర్లలో ఉంటారు. ఈ పిచ్చి తెచ్చింది ఆయనే. ఊరి బయట గుట్టల్లో ఏనుగుబండ కింద నిరుడెప్పుడో డబ్బా దాచానని దసరా రోజుల్లో ఆయన చెప్పిన మర్నాటికల్లా మా ల్యాబ్‌లో అందరి ఫోన్లలో ఆ యాప్ మొలిచింది. నేను అక్కడ బిళ్లలు పరీక్షించే కెమిస్టుని. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ నెలాఖరుకి కావాలి, చేయాల్సింది ఆయనే. అమ్మా నేనూ ఉండే ఇంటి కిరాయి నుంచి బియ్యం దాకా అన్నిటికీ నా జీతమే కాబట్టి, ఆ నెల నేను ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదనే అనుకున్నాను.

మా అమ్మ సుకుమారికి బీపీ. మా కంపెనీ బిళ్లలే వేసుకుంటుంది, స్టాఫ్ రేటుకి నేనే తెస్తాను. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లకి ఆ బిళ్లలు చూపించి, మా క్యాథరిన్ కంపెనీ మందు అని మురిసిపోతుంది. ఊరందరి బీపీ నేనే తగ్గిస్తున్నట్టు.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక స్కూటీ మీద ఏనుగుబండకి బయల్దేరాను. నేనొక్కదాన్నే ఇంకా వెళ్లలేదని సార్ రెండుసార్లు గుర్తుచేశారు మరి. ఫోన్ చోటు వచ్చేసిందని చెప్పింది. చూస్తే ఎదురుగా పెద్ద గుంత, అడుగున పచ్చటి నీళ్లు. అవతల కంకర మిషన్ దుమ్ము లేపుతోంది. అక్కడి వాచ్‌మన్ యాదగిరిని అడిగితే, నా మొహం వైపు వింతగా చూశాడు.

"ఏనుగుబండనా? పోయిన ఎండకాలమే పేల్చిన్రు గదమ్మా. కంకర జేసి లారీలల్ల తెల్లాపూర్ దిక్కు తోలిన్రు."

ఈమధ్య ఎవరైనా వెతుక్కుంటూ వచ్చారా అంటే, లారీలు తప్ప పురుగు కూడా రాలేదన్నాడు. అక్కడే స్కూటీ మీద కూర్చుని మావాళ్లు రాసినవి తీసి చదివాను. ఆరుగురూ దసరా దాటాక రాసినవాళ్లే, అందరూ బండ నీడలో కూర్చున్నవాళ్లే. అందరికంటే సీనియర్ మధుబాబు అన్న అయితే, ఏనుగుబండ నీడలో కాసేపు కూర్చుంటే మనసు చల్లబడిందని రాశాడు. దాని కింద సార్ జవాబు: నిన్ననే వెళ్లి చూశాను, డబ్బా భద్రంగా ఉంది.

నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. 'దొరకలేదు. బండే లేదు, గుంత ఉంది' అని రాసి, ఫోటో పెట్టాను.

సాయంత్రానికి అది లేదు. అబద్ధం రాస్తే తీసేసే హక్కు డబ్బా దాచినవాడికి ఉంటుంది. ఆయన ఆ హక్కుతో నిజాన్ని తీసేశారు. మళ్లీ రాశాను, మళ్లీ తీసేశారు. మూడోసారి రాయబోతుంటే మధుబాబు ఫోన్ చేశాడు. నా మేలు కోరే చెబుతున్నానన్నాడు. ఉద్యోగం పర్మనెంట్ కావాల్సిన నెల అన్నాడు. ఒక్క ముక్క రాస్తే పోయేదానికి ఇంత లొల్లి ఎందుకన్నాడు.

"అన్నం పెట్టినోని ఇంట్ల కూసొని ఉప్పు తక్కువైందంటమా చెల్లె?"

"అన్నమే పెట్టకపోతే, కడుపు నిండిందని ఎట్లంటమన్నా? నువ్వు పోయినవా అసలు?"

"పోయి ఏం జేస్తం? ఉన్నదని సారే అన్నడు గద."

మూడోసారి కూడా రాశాను.

పొద్దున్నే సార్ క్యాబిన్‌కి పిలిచారు. ఆయన కుర్చీ వెనక గోడ మీద 'చూడనిది రాయొద్దు' అని పెద్ద అక్షరాలతో అట్ట ఉంటుంది. ఆయనే రాయించారు, కొత్తగా చేరినవాళ్లకి ఆయనే పాఠం చెబుతారు. నాకూ చెప్పారు. దాని కింద కూర్చుని, నా ఫోన్ చోటు తప్పు చూపించి ఉంటుందని మెత్తగా మొదలుపెట్టారు. ఫోటో చూపిస్తే అది వేరే గుంతన్నారు. యాదగిరి మాట చెబితే వాచ్‌మన్‌లకేం తెలుసన్నారు. మెత్తదనం అయిపోయింది.

"ఆరుగురు దొరికిందంటున్నారు. నువ్వొక్కదానివి లేదంటున్నావ్. ఎవర్ని నమ్మాలి నేను?"

"మీరు పోయి చూసిన్రా సార్?"

ఆయన మొహం గట్టిపడింది. "నా టీమ్ మాట చాలు నాకు. వాళ్లు చూశామంటే చూసినట్టే. ఇక్కడ రోజూ బయటికి పోయే ప్రతి బ్యాచ్ మీద నేను సంతకం పెట్టేది వాళ్ల మాట మీదే, తెలుసా?"

నా నోరు మూయించడానికే అన్నారు ఆ మాట. అద్దంలోంచి బయటికి చూస్తే ల్యాబ్‌లో ఆరుగురూ తలలు వంచుకుని, చూసినట్టు, చూసినట్టు, రాసుకుంటున్నారు. దొరికిందని రాస్తానో లేదో చెప్పి వెళ్లమన్నారు సార్. రాయనని చెప్పి వచ్చేశాను.

నెలాఖరుకి నన్ను పర్మనెంట్ చేయలేదు. నలుగురితో కలిసిపోయే గుణం లేదట, ఇంకో ఆరు నెలలు చూస్తారట. మధుబాబు నా టేబుల్ దగ్గరికి వచ్చి, ముందే చెప్పిన గద అన్నాడు. కళ్లలో జాలి కూడా ఉంది ఆ దొంగకి.

ఆ సాయంత్రం అమ్మ బిళ్లలు అయిపోయాయని ఫోన్ చేసింది. స్టాఫ్ రేటుకి తీసుకున్న డబ్బా నా బ్యాగులోనే ఉంది. ఇంటి సందు మలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి మెడికల్ షాపుకి నడిచాను. అదే మందు, వేరే కంపెనీది కావాలన్నాను. షాపతనికి నేను తెలుసు. నా మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డు వైపు చూశాడు.

"గీ మందు మీ దగ్గర్నే తయారైతది గదా మేడమ్?"

"అవునన్నా," అన్నాను. "అందుకే."