తొక్కలు మాకు, కాయ మీకు

చెత్త విడదీయాలంటే చిత్తశుద్ధి కావాలన్నారు సైన్సు మాస్టారు. పిల్లలు దాన్ని చెత్తశుద్ధిగా మార్చేసుకుని రంగంలోకి దూకారు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడో తరగతి దండు బడి వెనక వీధిలో ఇల్లిల్లూ తిరుగుతుంది. పచ్చ బకెట్‌లో తడి చెత్త, నీలం బకెట్‌లో పొడి చెత్త. తడిది బడి తోటలోని గోతిలో పడి ఎరువవుతుంది, పొడిది లారీ ఎక్కుతుంది. రెండూ కలిపేసిన ఇంటి తలుపు మీద ఎర్ర సుద్దతో అడ్డగీత పడుతుంది. గీత పడిందంటే ఆ ఇంటి పరువు గోతిలో పడ్డట్టే.

పచ్చ బకెట్ల తనిఖీ ఒక అమ్మాయిది. ముక్కు మూసుకోకుండా బకెట్‌లోకి తొంగిచూడగల మనిషి తరగతి మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే. అందుకే తడి మేడం అని పేరు పడింది. "తొక్కలో ఉద్యోగం" అని అన్నయ్య వెక్కిరిస్తే, "అవును, తొక్కల్లోనే!" అనేది గర్వంగా.

చిక్కంతా టైలర్ తాత దగ్గరే వచ్చింది. కింద కొట్టు, పైన ఇల్లు. భార్య పోయినప్పటి నుంచి ఒక్కడే ఉంటున్నాడు. నీలం బకెట్ నిండా గుడ్డపీలికలు. పచ్చ బకెట్ మాత్రం కొన్ని వారాలుగా కడిగి బోర్లించే ఉంటోంది.

"ఎక్కడో దొంగచాటుగా పారేస్తున్నాడే! గీత గీసేద్దాం" అన్నాడు మైకు. వాడు చెవిలో చెప్పినా వీధి చివరికి వినిపిస్తుంది, ఆ పేరు అందుకే.

"ఆగరా, అడిగి గీద్దాం" అని తడి మేడం కొట్లోకి వెళ్లింది. "తాతా, మీ తడి చెత్త ఏదీ?"

"లేదమ్మా." తాత కుట్టుమిషను మీంచి తలెత్తలేదు.

"ప్రతి ఇంట్లో ఉంటుంది కదా తాతా!"

"ఉండేది."

బకెట్‌లోనూ పొడే, మాటల్లోనూ పొడే. కలిపేసుంటే బయటపడుతుందని తడి మేడం నీలం బకెట్‌ను కాగితం మీద గుమ్మరించింది. పీలికల కింద బిస్కెట్ కవర్లు. వాటి కిందా అవే. ఒక్క ఉల్లిపొట్టు లేదు, ఒక్క ముచ్చిక లేదు.

ఎర్ర సుద్ద పట్టుకుని నిలబడ్డ మైకు గొంతు మొదటిసారి తగ్గింది. "తాత వండుకోవట్లేదే."

తడి మేడం అప్పుడు చూసింది తాతని. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఊరందరి కొలతలూ తీసే మనిషి తన కొలత తగ్గిపోతుంటే చూసుకోలేదు.

మర్నాడు అమ్మ చేసిన కూర డబ్బాలో పట్టుకెళ్లింది. తాత మూత కూడా తీయలేదు. "ఇంకా చేతులు ఆడుతున్నాయమ్మా. ఒకరు పెడితే తినే గతి పట్టలేదు" అని నవ్వుతూనే తిప్పి పంపేశాడు.

గోతి గట్టు మీద సమావేశం జరిగింది. పక్కనే పందిరికి, పిల్లల ఎరువు తిని బలిసిన సొరకాయలు వేలాడుతున్నాయి.

"ఊరికే ఇస్తే తీసుకోడే" అన్నాడు మైకు. "పనిస్తే తీసుకుంటాడు."

ఆదివారం కుట్టుమిషను మీద సొరకాయ దిగింది.

"ఏంటమ్మా ఇది? దీనికేం కుట్టాలి, చొక్కానా?"

"కుట్టడం కాదు తాతా, ఉన్న చొక్కా విప్పాలి. మా గోతికి తొక్కలు కావాలి. బడిలో మమ్మల్ని కత్తి ముట్టుకోనివ్వరు."

"మరి లోపలి కాయ?"

"దాంతో మాకేం పని? తొక్కలు మాకు, కాయ మీకు."

"ఇదేం బేరమే!"

"మీకు తీరిక లేకపోతే చెప్పండి, ఎదురింట్లో ఇచ్చుకుంటాం."

"తీరిక లేదని ఎవరన్నారు?" తాత సొరకాయ లాక్కున్నాడు.

ఆ వారమంతా తడి మేడంకి కాలు నిలవలేదు. తొక్క తీసి కాయ పక్కన పడేస్తే? అసలు కాయ కోయకుండానే వాడిపోనిస్తే?

ఆదివారం వచ్చేసరికి పచ్చ బకెట్ బోర్లించి లేదు. నిటారుగా నిలబడి ఉంది. మూత తీస్తే తొక్కలు చెప్పు అట్టల్లా ఉన్నాయి.

"తాతా! తొక్కతో పాటు సగం కాయ మాకే ఇచ్చేశారు!"

"ఏం చేయనమ్మా, కుట్టుకి మార్జిన్ వదిలి కత్తిరించే చెయ్యి ఇది" అన్నాడు తాత, మెడలో టేపు సవరించుకుంటూ.

తొక్కల కింద ఉల్లిపొట్టు ఉంది. మిరపకాయ తొడిమలున్నాయి. బడి ఇచ్చింది సొరకాయ ఒక్కటే, మిగతావి తాతే బజారుకెళ్లి తెచ్చుకున్నాడు. బకెట్‌లో తడి చూసి తడి మేడం కళ్లలో తడి చేరింది. ఆ తడిని ఏ బకెట్‌లో వేయాలో సైన్సు మాస్టారు చెప్పలేదు.

"కూర కుదిరిందా తాతా?"

"ఉప్పు దగ్గరే తేలిపోయానమ్మా. మా ఆవిడ చేత్తో విసిరేసేది, కొలత చెప్పలేదు. టేపు పెట్టి కొలిచేది కాదాయె."

"రెండు చెంచాలు" అంది తడి మేడం టక్కున. ఆ పిల్ల జన్మలో పొయ్యి ముట్టుకోలేదు.

తాత బుద్ధిగా తలూపి, ఇంకో సొరకాయ కోసం చెయ్యి చాపాడు.

వీధిలోకి రాగానే మైకు నిలదీశాడు. "రెండు చెంచాలని నీకెలా తెలుసే?"

"తెలీదురా. వచ్చే ఆదివారం బకెట్‌లో కూర కనిపిస్తే, ఒక చెంచా తగ్గిద్దాం."