ఉత్తచేతుల ఆట

మధ్యాహ్నం గిన్నెలు తోముకోవడం అయ్యాక ఆడవాళ్లంతా ఎల్లక్క అరుగు మీదికి చేరేవారు. బియ్యం ఏరుకునేవాళ్లు ఏరుకుంటూ, తల దువ్వించుకునేవాళ్లు దువ్వించుకుంటూ ఉత్తచేతుల ఆట ఆడేవారు. ఒకామె ఖాళీ దోసిలి చాపి "ఇగో, పట్టు" అంటుంది. ఎదుటామె తన దోసిలి పట్టి "ఏంది?" అంటుంది. చెంబు అంటే సరిపోదు. ఎసొంటి చెంబు, ఎవ్వలిది, ఏడ సొట్టపడ్డది, ఎవలు పడేసిండ్రు, ఇలా గుక్క తిప్పుకోనివ్వకుండా అడుగుతారు. అప్పటికప్పుడు కల్పించి చెప్పాలి. సరిగ్గా చెబితే ఎదుటామె చేతుల్లో చెంబు బరువు పడుతుంది.

కల్పించిన వస్తువైతే దీపాలు పెట్టేవేళకు మాయమైపోతుంది. నిజంగా ఒకప్పుడు ఉండి పోగొట్టుకున్నదైతే నిలిచిపోతుంది. రాజుబాయి పోగొట్టుకున్న ముక్కుపుడక అలాగే దొరికింది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న సిరొంచలో దీన్నెవరూ వింత అనుకోలేదు. లింగక్క ఓసారి కోడిపెట్టను మరీ బాగా చెప్పి అరుగంతా పాడు చేయించిందని మాత్రం అందరూ కలిసి తిట్టారు.

యాదక్క ఇచ్చినప్పుడు మాత్రం ఎదుటి చేతులు ఖాళీగానే ఉండేవి.

"ఎసొంటి గొడ్డలి?"

"గొడ్డలే. గొడ్డలసొంటిదే."

"ఎవ్వలిది?"

"మా ఆయినెది."

మొగుడి పేరు నోటితో పలకకూడదు కదా. తక్కినవాళ్లకు ఇబ్బంది లేదు. లచ్చి నాయినదనో రాజన్న నాయినదనో పిల్లల పేరు మీద గట్టెక్కేస్తారు. యాదక్కకు పిల్లలు లేరు. పెళ్లయిన నాటినుంచీ మొగుడు పోశం ఆమె నోట్లో "ఆయిన"గానే ఉండిపోయాడు. ఊళ్లో ఆయనలకేం కొదవ? ఏ ఆయన గొడ్డలి వచ్చి పడాలో ఆటకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందరూ నవ్వితే యాదక్కా నవ్వేది. ఇంటికెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది.

ఎనభై ఆరు వానాకాలంలో గోదారి పొంగి ప్రాణహితను వెనక్కి తోసింది. నీళ్లు తీసేసరికి ఒడ్డు పొలాలన్నీ ఇసుక మేట కింద ఉన్నాయి. పట్టుకుని కొలవడానికి ఒక్క హద్దురాయి కూడా మిగల్లేదు. పోశమేమో అల్లపల్లి అడవిలో టేకు దుంగ మీదపడి కాలు విరిగి, అహేరి దవాఖానలో ఉన్నాడు. ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ పంచనామాకు వస్తున్నాడని, ఎవరి పొలం వాళ్లు నిలబడి చూపించుకోవాలని ఊళ్లో చాటింపు వేశారు.

మెరక మీది పొలం చెక్క తనదేనని, తమ్ముడిది ఏట్లో కలిసిపోయిందని పోశం అన్న సాంబన్న అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు.

"ఆడిదానివి, నీకేం తెలుస్తది? పోశంగాడు వచ్చినంక మాట్లాడుకుందాం" అన్నాడు యాదక్కతో.

"ఆయిన వచ్చేదాక తలాఠీ రాసుడు ఆపుతడా బావ? నేనొస్త."

ఆమె తిన్నగా ఎల్లక్క దగ్గరికి వెళ్లింది. "నాకు ఆట నేర్పు" అంది.

"మంచిది, పెద్దది అనుడు బంజెయ్యి. గా మాటలు ఎవ్వల పొలానికన్న సరిపోతయి" అంది ఎల్లక్క. "ఆ మడిల నీ కాలు ఏడ జారిందో గది చెప్పు."

ఆ రోజునుంచి యాదక్క నీళ్లు మోస్తూ, పిడకలు చేస్తూ పొలాన్ని తనలో తాను చెప్పుకుంది. ఎల్లక్క చేతుల్లో చిటికెడు మన్నయినా పడాలని పట్టుబట్టి కూర్చునేది. అన్నీ చెప్పేది. "ఎవ్వలిది?" అనగానే నోరు కట్టేసినట్టయ్యేది.

తలాఠీ గొడుగేసుకుని వచ్చాడు. ముందు సాంబన్న మెరక మీద నిలబడ్డాడు.

"నాదే సాబ్. మంచి భూమి. బంగారమసొంటి పంట."

ఇసుక కదల్లేదు. యాదక్క కొంగు బిగించి అక్కడికే వచ్చి, దోసిలి చాపింది. "ఇగో, పట్టుండ్రి సాబ్."

తలాఠీ సిరొంచకు వచ్చి చాలాకాలమే అయింది. గొడుగు చంకలో పెట్టుకుని దోసిలి పట్టాడు. "కాయ్ ఆహే?" అన్నాడు మరాఠీలో. ఆటలో అడగాల్సిందీ అదే, ఏమిటని.

"పొలం. తూర్పుగట్టు వంకర. నిరుడు వానకు తెగితే నేనే మోదుగు కొమ్మలేసి మన్ను కప్పిన. ఆ కొమ్మలు చిగురువెట్టినయి. దాని పక్కన మూల సౌడు, ఎంత నాటేసినా బతకది. నాటేస్తుంటే ఆడనే కాలు దిగబడి నా ఎడమకాలి మెట్టె ఊడింది. మోకాళ్ల మీద కూసోని దేవినా దొరకలే."

ఇసుకలోంచి వంకర గట్టు వీపు పైకి తేలింది. సగం తేలి ఆగిపోయింది.

"ఎవ్వలిది?" వెనకనుంచి ఎల్లక్క గట్టిగా అడిగింది.

ఎదురుగా బావ ఉన్నాడు, చుట్టూ ఊరుంది. యాదక్కకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయిన అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. దాన్ని మింగేసింది.

"పోశంది" అంది. "పోశంది. నాది."

గట్టు ఆ చివరినుంచి ఈ చివరిదాకా లేచింది. తలాఠీ దోసిట్లో సౌడుమన్ను ముద్ద పడింది. వేలితో విడదీస్తే వెండి మెట్టె. దాని జత యాదక్క కుడికాలికి ఉంది.

"ఆటదే కద సాబ్!" అన్నాడు సాంబన్న. "దీపాలయాళ్లకు పోతది. అప్పటిదాక రాయకుండ్రి."

అది న్యాయమేనన్నాడు తలాఠీ. అందరూ ఇసుకలోనే కూర్చున్నారు. యాదక్క గట్టు మీద కూర్చుని, పోతే తనతో కలిసే పోవాలన్నట్టు రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. పొద్దు గూకింది. రేవులో పడవవాళ్లు లాంతరు వెలిగించారు. ఊళ్లో దీపాలు కనబడ్డాయి. గట్టు పోలేదు. తలాఠీ మెట్టెను ఆమె చేతిలో పెట్టి, ఆ లాంతరు తెప్పించుకుని పంచనామా రాశాడు. మిగిలినవి రేపు చూస్తానని వెళ్లిపోయాడు.

సాంబన్న లేవలేదు.

"నాది ఏడున్నదో నాకు దొరుకుతలేదు యాదక్కా" అన్నాడు. "మొత్తం ఇసుకనే కనవడ్డది. పరేషానయి నీది నాదన్న."

యాదక్కకు కోపం చల్లారలేదు. వదిలేసి పోవచ్చు కూడా. మెట్టె వేలికి తొడుక్కుని, అతని ఎదురుగా కూర్చుని దోసిలి పట్టింది.

"ఇయ్యి బావ. నీ పొలం."

"మంచి భూమి..."

"గట్ల కాదు."

సాంబన్న ఖాళీ దోసిలి చాపాడు. "ఓ రాయుండె" అన్నాడు. "అవ్వ సద్దిమూట దాని మీద పెట్టేది."

"ఎసొంటి రాయి?" అంది యాదక్క, చేతులు దించకుండా.