'వద్దు' అనే ఉద్యోగం

పిల్ల సాక్సు తిరగేసి తొడగాలి. లోపలి కుట్టు బయటికి రావాలి. లేకపోతే అది వేళ్లకు తగులుతుంది, తగిలిందంటే ఇక ఆ పూట బడీ లేదు, బస్సూ లేదు, పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈ సంగతి కనిపెట్టడానికి తల్లికి ఎన్నాళ్లు పట్టిందో, మధ్యలో ఎన్ని తన్నులు తిన్నదో ఎవరికీ అక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఆమె నేల మీద చతికిలబడి, ఏడేళ్ల కూతురి పాదం ఒళ్లో పెట్టుకుని సాక్సు తిరగేస్తుంటే అత్తగారు సరిగ్గా అప్పుడే అటుగా వస్తుంది. "ఇంత పిల్లకి ఇంకా సాక్సులు తొడగడమేమిటమ్మా, అదీ తిరగేసి. నువ్వు నెత్తికెక్కించుకోబట్టే అదిలా తయారైంది" అంటుంది. ఆవిడ అనడం, ఈమె వినడం, రెండూ పళ్లు తోముకోవడం లాగా అలవాటైపోయాయి.

పిల్లకు పిడుగు అని పేరు పెట్టింది తండ్రి. నడక రాకముందే గిన్నెలన్నీ లాగి పడేసేదని ముద్దుగా పెట్టాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడూ అదే పేరు, నవ్వు మాత్రం పోయింది. "మీ పిడుగు మళ్లీ ఏదో చేసిందట" అని పక్కింటివాళ్లు, "ఆ పిడుగుని తీసుకుని పెళ్లిళ్లకేం వస్తాంలే" అని అత్తగారు. ఆమె ఒక్కతే ఆ పేరుతో పిలవదు. కన్నా అంటుంది. అలా అన్నందుకు కూడా ఒక మాట పడింది. "కన్నా బుజ్జీ అని గారం చేస్తే మాట వింటుందా? గట్టిగా ఒకటి తగిలించు, అదే దారికొస్తుంది." తగిలించింది కూడా, ఒకట్రెండుసార్లు. పిల్ల దారికి రాలేదు. తిరిగి కొట్టడం నేర్చుకుంది.

భర్త దగ్గర మాత్రం పిల్ల కుదురుగా ఉంటుంది. ఈ మాట ఆయనే చెబుతాడు, ఇంటికి ఎవరొచ్చినా చెబుతాడు. "నాతో చూడండి, బంగారంలా ఉంటుంది. ఆవిడకే పట్టుకోవడం చేతకాదు." ఆదివారం సాయంత్రం పార్కుకు తీసుకెళ్తాడు. ఉయ్యాల ఎంతసేపు ఊగుతానంటే అంతసేపు ఊపుతాడు, అడిగిన ఐస్‌క్రీం కొనిపెడతాడు, చీకటి పడ్డాక తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. మరి బంగారంలా ఉండక ఏం చేస్తుంది? పొద్దున్నే లేపాల్సింది ఆమె. స్నానం, జుట్టు చిక్కు తీయడం, గోళ్లు కత్తిరించడం, హోంవర్కు, మందు, ఇక చాలు టీవీ ఆపు, ఇక చాలు పడుకో, అన్నీ ఆమే. ఆ ఇంట్లో 'వద్దు' అనే ఉద్యోగం మొత్తం ఆమెకే అప్పగించారు. 'సరే' అనే ఉద్యోగం ఆయన తీసుకున్నాడు. 'సరే' అనేవాడిని ఎవరైనా కొరుకుతారా? పిల్ల కొరికేదీ తన్నేదీ తల్లినే. ఆ గాట్లను సాక్ష్యంగా చూపించి, చూశారా, ఈవిడ పెంపకం ఇదీ అంటారు. ఒళ్లు మండిపోతుంది ఆమెకు. మండే ఒంటితోనే క్యారేజీలు సర్ది, బస్సు పట్టుకుని పనికి పోతుంది.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీస్తుంది. వేసవిలో కూడా కోటు లోపల పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది. ఓసారి చెయ్యి కడుక్కుంటుంటే మోచేతి కింద పంటి గాట్లు ఒక ముసలావిడ కంట్లో పడ్డాయి. "ఇంట్లో ఆయనా?" అని మెల్లగా అడిగింది. కాదమ్మా, మా పాప అని చెబితే ఆ ముసలావిడ తల ఊపి, "అలాగే చెప్తాంలే అందరం" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. ల్యాబుకి చిన్నపిల్లలు వస్తే ఆమె దగ్గరికే పంపుతారు. ఆమె చెయ్యి తేలిక అంటారు. తేలికా లేదు, గీలికా లేదు. జరగబోయేది ముందే చెబుతుంది, అంతే. ముందు రబ్బరు పట్టీ బిగుస్తుంది, తర్వాత చల్లగా దూది తగులుతుంది, ఆ తర్వాత చీమ కుట్టినట్టుంటుంది, అప్పుడు నువ్వు అరుచుకోవచ్చు, చెయ్యి మాత్రం కదపకు అంటుంది. ఎంత మొండి పిల్లలైనా సగం మంది అరవడం మర్చిపోతారు. ఇది ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. కూతురి దగ్గర తన్నులు తిని నేర్చుకుంది. పరాయి పిల్లల దగ్గర ఆ చదువుకు జీతమిస్తారు, సొంత ఇంట్లో దానికి చేతకానితనం అని పేరు.

బడిలో కూడా చెప్పింది. "గంట కొట్టే ముందు మా పాపకి ఒక్క మాట చెప్పండి టీచర్. బొమ్మ గీయడం ఇక ఆపాలి, తర్వాత లెక్కలు అని. ఉన్నట్టుండి పుస్తకం లాక్కుంటే తట్టుకోలేదు." క్లాస్ టీచరు చిన్నమ్మాయి, గొంతు ఎప్పుడూ బొంగురుపోయి ఉంటుంది. "నలభై మంది ఉన్నారండీ క్లాసులో. నాకు మాత్రం చెప్పాలని ఉండదా?" అంది. ఆ టీచరు మీద సరిగ్గా కోపం కూడా తెచ్చుకోలేకపోయింది ఆమె. బడివాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే. పిల్ల అరిచినా, కొరికినా, బల్ల కింద దూరి బయటికి రానన్నా, తల్లికి ఫోను. తండ్రి నంబరు కూడా వాళ్ల దగ్గర ఉంది. తండ్రి ఆఫీసు బడి వెనక వీధిలోనే. అయినా ఫోను వచ్చేది ఊరికి ఆ చివర ఉన్న తల్లికే. ఆమె కోటు విప్పి, ల్యాబు డాక్టరు మొహం చూడలేక తల దించుకుని, రెండు బస్సులు మారి వెళ్లి పిల్లను ఇంటికి తెచ్చుకునేది. ఆ పూట జీతం కోత.

ఆ బుధవారం ఫోను మోగినప్పుడు ఆమె చేతిలో ఒక పసివాడి చెయ్యి ఉంది. సూది అప్పుడే నరంలోకి దిగింది. ఫోను జేబులో మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఆమె ఎత్తలేదు. తర్వాత తీసి చూసుకుంటే భర్త నుంచి మెసేజ్ ఉంది. 'స్కూల్ నుంచి నేనే తీసుకెళ్తున్నా. నీకు ఫోన్ ఎత్తే తీరిక లేదట.'

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది. పిల్ల పక్కమ్మాయి భుజం కొరికిందట, రక్తం వచ్చిందట. వాళ్ల అమ్మా నాన్నా వచ్చి గొడవ చేశారట. రేపు పొద్దున్నే ఇద్దరూ రావాలని, ఇలాగైతే పిల్లను ఉంచుకోలేమని ప్రిన్సిపల్ చెప్పిందట. "అందరి ముందూ నా పరువు పోయింది" అన్నాడు భర్త. "మీటింగులో ఉన్నవాణ్ని లేచి పరుగెత్తా." అత్తగారు అందుకుంది. "వాడు మగాడై ఉండి వెళ్లి తెచ్చాడు. తల్లివి నీకు పట్టలేదు." ఆమె నిలబడి వింది. ఆయన వెళ్లింది ఒక్కసారి. ఆ ఒక్కసారికీ హారతి పట్టడమే తక్కువ. తను ఎన్నిసార్లు పరుగెత్తిందో ఈ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, అయ్యో అన్నారా? మాట నోటిదాకా వచ్చింది. అంటే గొడవ పెద్దదవుతుంది, గొడవ పెద్దదైతే పిల్ల చెవులు మూసుకుని గోడకు తల బాదుకుంటుంది. మింగేసి, పిల్లను తీసుకుని స్నానాల గదిలోకి నడిచింది.

పిల్ల ఒంటి మీద నీళ్లు పోస్తూ అడిగింది. "ఎందుకు కొరికావు కన్నా?"

పిల్ల సబ్బు నురగను బుగ్గలకు పూసుకుంటోంది. "ఇవాళ నువ్వెందుకు రాలేదు?"

"పనిలో ఉన్నాను. చిన్నబాబుకి సూది వేస్తున్నా."

పిల్ల అర్థం కానట్టు తల్లి మొహంలోకి చూసింది. "మరి గట్టిగానే కొరికానుగా" అంది.

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. పిల్ల మొహంలో దుడుకు లేదు, తప్పు చేసిన బెరుకూ లేదు. చేయాల్సిన పని సరిగ్గానే చేశాను, ఫలితం ఎందుకు రాలేదన్న అనుమానం మాత్రం ఉంది. లెక్కల గంట మోగుతుంది, బొమ్మల పుస్తకం లాక్కుంటారు, కొరికితే ఫోను చేస్తారు, ఫోను చేస్తే అమ్మ వస్తుంది, అమ్మ వస్తే ఇంటికి. ఆ బడి ఈ పిల్లకు కూడికలు నేర్పలేకపోయింది గానీ ఈ పాఠం మాత్రం ఎంత బాగా నేర్పింది. పిల్లకేమో పిడుగు అని పేరు, తల్లికేమో పెంచడం రాదని పేరు. ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే చెంబు గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఈ ఇంట్లో ఆ హక్కు కూడా ఆమెకు లేదు. పిల్ల ఒళ్లు తుడిచి, "ఇప్పుడు బట్టలు, తర్వాత భోజనం, తర్వాత పడక" అని ఎప్పటిలాగే వరస చెప్పింది.

మర్నాడు పిల్లను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ముగ్గురూ ప్రిన్సిపల్ గదిలో ఉన్నారు. భర్త, ఆమె, తలుపు దగ్గర నిలబడ్డ క్లాస్ టీచరు. ప్రిన్సిపల్ మేడం ముందు భర్త వైపు తిరిగి, "నిన్న ఫోన్ చేయగానే వచ్చారు, చాలా సంతోషమండీ. ఈ రోజుల్లో ఇంత బాధ్యత ఉన్న తండ్రులు అరుదు" అంది. ఆయన వినయంగా నవ్వాడు. ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. మేడం ఆమె వైపు తిరిగేసరికి గొంతు మారింది. "చూడమ్మా, ఇలాంటి పిల్లలకి తల్లి ఇంటిపట్టున ఉండాలి. మీరు ఉద్యోగం పట్టుకుని వేలాడితే పిల్ల చేజారిపోతుంది."

"మానేస్తుంది మేడం" అన్నాడు భర్త. "మేం ఇంట్లో అనుకున్నాం. చిన్న ఉద్యోగమేలెండి."

మేం అంటే ఆయనా, వాళ్లమ్మా. ఆ అనుకోవడంలో తను లేదు. తన ఉద్యోగాన్ని ఆయన బల్ల మీద నుంచి చెత్త తీసినట్టు తీసి పడేశాడు, అదీ పరాయివాళ్ల ముందు. నోరు తెరిస్తే అరుస్తానేమోనని భయపడింది. కానీ బయటికి వచ్చిన గొంతు ల్యాబులో పిల్లలతో మాట్లాడే గొంతే.

"నేను మానను. మేం ఏమీ అనుకోలేదు, ఆయన అనుకున్నారు. మేడం, మా పాప ఎందుకు కొరుకుతుందో నిన్న నాకు చెప్పింది. కొరికితే మీరు నన్ను పిలుస్తారట, నేను వచ్చి ఇంటికి తీసుకెళ్తానట. దానికి లెక్కలంటే భయం. కొరికిన ప్రతిసారీ మనందరం కలిసి లెక్కలు తప్పించాం. ఆ అమ్మాయి భుజం కొరికినందుకు నేను వెళ్లి వాళ్ల కాళ్లయినా పట్టుకుంటాను. కానీ ఇక మధ్యలో తీసుకెళ్లను."

"అంటే, మేం పడాలా ఇదంతా?" అంది మేడం.

"గంటకి ముందు ఒక్క మాట చెప్పండి చాలు, తర్వాత ఏముందో. అదీ కుదరనప్పుడు ఆయన్ని పిలవండి. వెనక వీధిలోనే ఉంటారు. వచ్చి దాని పక్కన కూర్చుంటారు. మీరే అన్నారుగా, అరుదైన తండ్రి అని."

భర్త మొహం మాడిపోయింది. ఏదో అనబోయాడు. అంతలో ఆయా తలుపు తోసుకుని వచ్చింది. "మేడం, పాప మళ్లీ మొదలెట్టింది. బూట్లు విసిరేస్తోంది." మేడం రెండు చేతులూ పైకెత్తి, "చూశారా? ఈరోజుకి తీసుకెళ్లిపోండి" అంది.

ఆమె బయటికి వెళ్లి పిల్ల ముందు నేల మీద కూర్చుంది. పిల్ల మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఇంటికి పోదాం" అంది.

"ఇప్పుడు పోం కన్నా. ముందు బొమ్మలు, తర్వాత లెక్కలు, తర్వాత భోజనం, తర్వాత ఆటలు. నాలుగింటికి గంట కొడతారు. అప్పుడు నేనొస్తా."

పిల్ల ఆమె చెయ్యి అందుకుని కొరికింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లాక్కుంటే పట్టు ఇంకా బిగుస్తుందని ఆమెకు తెలుసు. చెయ్యి అలాగే ఉంచి, గొంతు పెంచకుండా, మళ్లీ అదే వరస చెప్పింది. దీన్ని ఎత్తుకుని, ఈ గేటు దాటి, ఎవరూ ఏమీ అనని చోటికి తీసుకుపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అలా తీసుకెళ్తే రేపు ఇంకాస్త గట్టిగా కొరుకుతుంది, ఎల్లుండి బడి ఉండదు, ఆ తర్వాత తల్లీ కూతుళ్లిద్దరూ ఆ ఇంట్లో, ఆ మాటల మధ్య, బతుకంతా. మూడోసారి వరస చెప్పేసరికి పట్టు వదులైంది. క్లాస్ టీచరు ఎప్పుడొచ్చిందో పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. "గంటకి ఇంకా టైముంది. నీ బొమ్మకి రంగు వేయడం మిగిలింది కదా, రా" అంది బొంగురు గొంతుతో. పిల్ల లేవలేదు. అమ్మా అని ఏడుస్తూనే ఉంది. కానీ టీచరు చాపిన చేతిని తోసెయ్యలేదు.

ఆమె లేచి కొంగుతో చెయ్యి తుడుచుకుని గేటు వైపు నడిచింది. వెనక నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. ప్రతి అడుగూ బలవంతంగా వేయాల్సి వచ్చింది. భర్త గబగబా వెంటపడి, గేటు దగ్గర భుజం పట్టుకుని ఆపాడు.

"అది అలా గుక్కపట్టి ఏడుస్తుంటే వదిలేసి పోతున్నావు. అసలు ఏం తల్లివి నువ్వు?"

ఆమె ఆ చేతిని భుజం మీద నుంచి తీసేసింది.

"నాలుగింటికి వచ్చే తల్లిని" అంది. "అప్పటిదాకా మీరున్నారు."