దవడ కీలులో వాపు

పెద్ద కోడలు పళ్ల ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తోంది. చిన్న కోడలు నిరుడే, అదే వీధి చివర కొత్తగా పెట్టిన స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై మిషను నడిపే పనిలో చేరింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికి నడుం పట్టేసినా "చిన్నదాన్ని అడుగుదాం" అనడమే. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దామెకు ఒళ్లు మండిపోయేది.

అత్తగారికి ఎనిమిదేళ్లుగా కీళ్లవాతం. వేళ్లయ్యాయి, మణికట్లయ్యాయి, ఇప్పుడు చెవి ముందు దవడ కీలు దగ్గర నొప్పి. ముద్ద నమలాలంటే కళ్లనీళ్లు. పెద్ద కోడలే తీసుకెళ్లి, గడ్డం ఆనించి నిలబెట్టి, దవడంతా కనిపించేలా ఎక్స్‌రే తీసింది.

"ఎముక శుభ్రంగా ఉంది అత్తయ్యా. ఏం లేదు."

కీళ్ల డాక్టరు ఫిలిం చూసి, ఎమ్మారై కూడా చేయించమని చీటీ రాసిచ్చాడు. అది పెద్దామెకు చెంపదెబ్బలా తగిలింది.

"ఆ మిషను సొరంగంలో అరగంట కదలకుండా పడుకోవాలి. చెవులు చిల్లులు పడే చప్పుడు. మీకెందుకొచ్చిన తిప్పలు?" అంది ఇంటికొచ్చాక.

అసలే భయస్తురాలు అత్తగారు. "వద్దులేవే" అనేసింది. చీటీ పెద్దామె బ్యాగులోనే ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున అత్తగారి నోరు వేలి మందం కూడా తెరుచుకోలేదు. చెంచాతో పోసిన పాలు గడ్డం మీదుగా కారిపోయాయి. పెద్దామె బ్యాగు వెతికి చీటీ తీసింది. అది పట్టుకుని స్కానింగ్ సెంటర్‌కి పరుగెత్తింది.

"ఇది ఎప్పటిదో కదక్కా?" అంది చిన్న కోడలు తేదీ చూసి.

"నేనే ఆపాను. నీ మీద కుళ్లుతో."

చిన్నామె ముఖం ఎర్రబడింది. "ముందు అత్తయ్యని తీసుకురా. మన సంగతి తర్వాత."

స్కానులో కీలు లోపలి పొర ఉబ్బి, చుట్టూ నీరు తెల్లగా మెరిసింది.

"ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుందక్కా. వాపు ముందు ఇక్కడ మొదలవుతుంది. ఎముకని తినేయడం తర్వాత."

డాక్టరు మందు మార్చాడు. పెద్దామె అత్తగారితోనూ నిజం చెప్పేసింది. అత్తగారు రెండు రోజులు చిన్న కోడలి చేతే పాలు తాగింది. మూడో రోజు, "మళ్లీ స్కానుకి వెళ్లినప్పుడు నువ్వు లోపలికి రా. నాకు భయం" అంది.

రెండు నెలలకు నోరు బాగానే తెరుచుకుంది. రెండో స్కాను రోజున పెద్దామె ఆ మిషను దగ్గర లోహం ఉండకూడదని ఉంగరాలు, గాజులు తీసేసి, మిషను పక్కన కూర్చుని అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"కదలకండి అత్తయ్యా," అని మైకులో చిన్న కోడలి గొంతు వినిపించింది. అత్తగారు వెంటనే మాట వినే చిన్నపిల్లలా కదలకుండా ఉండిపోయింది. ఎక్స్‌రే తీసేటప్పుడు నా మాట ఎప్పుడైనా ఇలా విందా అని పెద్దామెకు మళ్లీ చురుక్కుమంది. చెయ్యి మాత్రం వదల్లేదు.