సాజిదా మా ముఠా మనిషి

"ఈ ఇరవైమూడు అఫిడవిట్లూ మనుషులు చెప్పినవి కావు," అన్నారు జడ్జిగారు, కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండానే. "యంత్రం రాసినవని పరిశీలనలో తేలింది. తొంభై ఆరు శాతం. తిరస్కరిస్తున్నాను."

ఆ ఇరవైమూడుమందీ కోర్టు హాల్లో వెనక గోడకానుకుని నిలబడే ఉన్నారు. మిరప ఘాటుకి చిట్లిన వేళ్ళతో, నోటికి కొంగులడ్డం పెట్టుకుని, దగ్గు ఆపుకుంటూ నిలబడ్డారు. వాళ్ళ మాటలు యంత్రం రాసిందట! ఇంతకంటే చోద్యం ఎక్కడైనా ఉంటుందా?

"ఏమన్నాడక్కా?" కరీమున్ మస్తాన్‌బీ మోచెయ్యి పట్టుకుంది.

మిరపకాయల తొడిమలు తీసే ఆ కూలీల ముఠాకి మస్తాన్‌బీయే పెద్ద. కరీమున్ ఒక్కగానొక్క కూతురు సాజిదా ఆ ముఠాలోనే పనిచేసేది. ఏడు నెలల కిందట, జనవరి చలిలో, బాపయ్య కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరప టిక్కీల వరస కూలి ఆ పిల్ల మీద పడింది. నలభై కిలోల బస్తాలు! పైకి లాగేసరికి ఊపిరి లేదు. ఇరవైరెండేళ్ళ పిల్ల.

బాపయ్య ఏడవకపోతే పోనీ, చెయ్యి దులుపుకున్నాడు. హాజరు పుస్తకంలో ఆడకూలీల పేర్లు ఏనాడూ ఎక్కించినవాడు కాదు. "ఆ మనిషెవరో మాకు తెలీదు. మిరపకాయలు ఎత్తుకుపోడానికి దూరింది," అని కోర్టుకి రాసిచ్చాడు. దొంగ! చచ్చిన బిడ్డ మీద ఆ మాట పడ్డాక కరీమున్ నష్టపరిహారం ఊసే ఎత్తలేదు. "నా బిడ్డ కూలి చేసుకుంటా చచ్చిపోయిందని కాయితం మీద రాయించండి, నాకదే పదివేలు," అని ఊరంతా తిరిగింది.

కేసు పట్టుకున్న లాయరమ్మ బిందుమాధవి. మిరప రాశుల మధ్య కూర్చుని, తుమ్ముతూ, ఒక్కొక్కరి మాటా తన చేత్తో రాసుకుంది. ఇరవైమూడుమందీ ఒకే పాఠం అప్పజెప్పారు. "సాజిదా మా ముఠా మనిషి. ఎనిమిదింటికి మాతోపాటు పన్లోకొచ్చింది. పదకొండున్నరకి టిక్కీలు మీద పడి చనిపోయింది." అక్షరం తేడా లేదు.

"మీ సొంత మాటల్లో చెప్పండమ్మా," అని బతిమాలింది బిందుమాధవి.

"ఇయ్యి మా మాటలేగా తల్లీ," అన్నారు.

నిజమే, వాళ్ళవే. రెండేళ్ళ కిందట కూలి పెంచమంటే బాపయ్య మేస్త్రీ ఒక్కొక్కరినీ చాటుకి పిలిచి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పి చీల్చబోయాడు. అప్పుడు మస్తాన్‌బీ కట్టిన కట్టు అది. "ఎవరడిగినా ఒకటే మాట. ఒక్క ముక్క అటూ ఇటూ అయిందా, మనల్ని తుంచేస్తారు." ఆ కట్టుతోనే గెలిచారు. ఆ కట్టే ఇప్పుడు వాళ్ళ పీకకి చుట్టుకుంది.

ఎందుకంటే కోర్టుకి కొత్త నిబంధన వచ్చింది. ఎవరో ప్రబుద్ధులు ఏఐ చేత పిటిషన్లు రాయించి, ఏ జడ్జీ ఇవ్వని తీర్పులు ఇచ్చినట్టు పుట్టించారు. దాంతో ప్రతి కాగితాన్నీ పరీక్ష యంత్రంలో పెట్టాలన్నారు. ఏఐ వాడినవాళ్ళు వాడామని సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. సబబే, కాదన్నదెవరు? కానీ జరిగిందేమిటో వినండి. బాపయ్య లాయరు చైతన్యకృష్ణ తన జవాబంతా ఏఐ చేతే రాయించాడు. 'దొంగతనానికి దూరింది' అన్న ముక్కతో సహా. సర్టిఫికెట్ జతచేశాడు, దర్జాగా దాఖలైంది. చేత్తో రాసుకున్న నిజం ఇరవైమూడు కాగితాల్లోనూ ఒకేలా ఉండేసరికి యంత్రం రాతని తేలింది, సర్టిఫికెట్టా లేదు, అది కాస్తా నకిలీ అయింది.

మర్నాడు మధ్యాహ్నం బువ్వల వేళ షెడ్డులోనే మీటింగు పెట్టుకున్నారు. బిందుమాధవి కూడా వచ్చింది.

"ఆ మాయదారి మిషన్ని బద్దలుకొడితే పీడా పోద్ది," అంది వెంకటరావమ్మ, సద్దిగిన్నె కింద పెట్టి.

"ఇంకోటి కొంటారు పిన్నీ," అంది బిందుమాధవి. "తీర్పులు వెతకడానికి నేనూ ఏఐ వాడతాను. మిషన్‌కి మనమెవరో తెలీదు. నిబంధన రాసినోళ్ళకి తెలియాలిగా! వాళ్ళ బల్ల దగ్గర తొడిమలు తీసే మనిషి ఒక్కరైనా కూచుందా? పేదోళ్ళు గుంపుగా బతుకుతారని, గుంపుగా మాట్లాడతారని వాళ్ళకి చెప్పిందెవరు?"

జాన్‌బీ మస్తాన్‌బీ మీదికి తిరిగింది. "నువ్వు నేర్పిన పాఠమేగా అక్కా కొంప ముంచింది!"

"అక్కనేమీ అనబాకండే," కరీమున్ అడ్డమొచ్చింది. "టిక్కీల కిందనుంచి నా బిడ్డని లాగింది ఆ చేతులే."

ఏడు నెలలుగా మస్తాన్‌బీ కరీమున్ కళ్ళలోకి చూడలేకపోతోంది. ఎందుకో ఆవిడకీ, పైనున్న అల్లాకీ తప్ప ఎవరికీ తెలీదు. సద్దిగిన్నెకి మూత పెట్టి జాన్‌బీ వైపు తిరిగింది. "తప్పు నాదే. ఈసారి ఎవరి మాట వాళ్ళం చెబుదాం. కలిసే పోదాం."

వాయిదా నాడు బిందుమాధవి చేతులు జోడించింది. "సాక్షులు ఇక్కడే ఉన్నారు సార్. నోటితో చెబుతారు, వినండి."

"సాక్ష్యాలకి గడువు దాటింది," అన్నాడు చైతన్యకృష్ణ.

"దాటింది," అన్నారు జడ్జిగారు. తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. "మృతురాలు కూలి అని రుజువు కానందున..."

"రుజువు నేను చెబుతానయ్యా!" వెంకటరావమ్మ గొంతుకి హాలు ఉలిక్కిపడింది. "రోజూ నా టీలో సగం తాగేది. దొంగ అయితే సగం వొదిలేది కాదు!"

"ఆ పొద్దున ఆటోలో చోటు లేక నా వొళ్ళో కూచుంది సార్," జాన్‌బీ ముందుకొచ్చింది. "పిల్ల బరువు ఇంకా నా తొడల మీదుంది."

"ఏళ్ళు మండుతుంటే రాసుకోడానికి కొబ్బరినూనె సీసా తెచ్చింది," అంది నస్రత్. సీసా పైకెత్తి చూపించింది. "ఇదుగో. మూత తీయబుద్ధి కాక అట్టానే దాచా."

జడ్జిగారు బల్ల గుద్దారు. బంట్రోతు బయటికి పరిగెత్తాడు. ఆడవాళ్ళు ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు, ఒకరి గొంతు మీద ఇంకొకరు చెబుతూనే ఉన్నారు. పోలీసులు జబ్బలు పట్టి లాగుతున్నా చెబుతూనే వ్యాను ఎక్కారు. కేసు కొట్టేసిన తీర్పు వాళ్ళ వెనకాలే పూర్తయింది.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ జోసఫ్ కాగితాలు ముందేసుకున్నాడు. కోర్టు పనికి అడ్డుపడ్డారని కేసు. "అందరిదీ ఒకే కతేగా! ఒక్క స్టేట్‌మెంట్ రాస్తా, వరసగా ఏలిముద్రలేసి పోండి."

మస్తాన్‌బీ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "ఆ పని చేసే బుగ్గిపాలయ్యాం సార్. ఎవరిది వాళ్ళకి రాయండి."

"ఇరవైమూడా? నా చెయ్యి పడిపోద్దమ్మా!"

"మా చేతులు పడిపోలేదా సార్?" అంది వెంకటరావమ్మ. "రాయండి. రాసేదాకా కదలం."

జోసఫ్ తిట్టుకుంటూనే మొదలుపెట్టాడు. ఎందుకు గొడవ చేశావు? సాజిదా మా ముఠా మనిషని చెప్పడానికి. ఎలా తెలుసు? టీ, ఆటో, నూనె సీసా, పాటలు, పోట్లాటలు, పన్లోకి రానంటే తిట్టి లాక్కొచ్చిన రోజులు, అన్నీ కాగితమెక్కాయి. సాయంత్రానికి పక్క షెడ్ల ఆడవాళ్ళు చిలకలూరిపేట బస్సు దిగి స్టేషన్ గేటు దగ్గర పోగయ్యారు. "మాదీ రాయండి!" అని అక్కడినుంచే కేకలేస్తున్నారు.

చివరికి మస్తాన్‌బీ వంతు వచ్చింది. కరీమున్ గోడ పక్కన చతికిలబడి ఉంది. మస్తాన్‌బీ ఆవిడ వైపు తిరిగి, ఏడు నెలల్లో మొదటిసారి కళ్ళలోకి చూసి చెప్పింది.

"ఆ చోటు నాది. వరస కింద రోజూ కూచునేది నేను. వరస ఒంగిందని ముందురోజే చూశా. మేస్త్రీకి చెప్పా. 'నీ పని నువ్వు చూస్కో' అన్నాడు. ఆ పొద్దున చలికి నా మోకాళ్ళు పట్టేసినై. 'పెద్దమ్మా, నువ్వెళ్ళి ఎండలో కూచో, నీ చోట్లో నేను కూచుంటా' అంది పిల్ల. వరస ఒంగిందని దానికి చెప్పలా. మరిచిపోయా కరీమూ, ఎండ హాయిగా ఉంటే మరిచిపోయా! ఒకటే మాట చెప్పండని అందరి నోళ్ళూ కట్టేశాగా... ఆ మాటలో నా పాపానికి చోటు లేకుండా చూసుకున్నా."

జోసఫ్ కలం ఆగింది. తర్వాత ఆ మాటలూ రాశాడు.

"అమ్మా," అంది వాళ్ళ వెంటే స్టేషన్‌కి వచ్చిన బిందుమాధవి, మెల్లగా. "ఒంగిందని మేస్త్రీకి ముందే తెలుసా? ఈ మాటతోనే కదమ్మా పై కోర్టుకి వెళ్ళేది!"

కరీమున్ ఏడవలేదు, తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి మస్తాన్‌బీ ముందుకొచ్చి నిలబడింది.

"ఇంతకాలం నా పక్కన కూచుని నా కన్నీళ్ళు తుడిచావు. ఈ మాట చెప్పలేకపోయావా అక్కా?"

"భయమేసిందే."

"పై కోర్టులో అందరి ముందూ చెబుతావా?"

"చెబుతా."

"మేస్త్రీ ఎదురుగా? బాపయ్య ఎదురుగా?"

"చెబుతా కరీమూ. నా నోట్లో మట్టి కొట్టినా చెబుతా."

కరీమున్ తలూపింది. క్షమించానని అనలేదు. జోసఫ్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సారూ, నా బిడ్డ కూలి అని రాశావా?"

"రాశానమ్మా. ప్రతి దాంట్లోనూ ఉంది."

"ఏదో చూపించు. నాకు చదువు రాదు."

ఆయన కాగితాలు తనవైపునుంచి ఆవిడవైపుకి తిప్పి, ఒకచోట వేలుపెట్టి చూపించాడు. కరీమున్ ఆ అక్షరాల మీద చిట్లిన వేలు పెట్టి నిమిరింది. తర్వాతి కాగితం తిప్పమంది. అలా ఇరవైమూడు కాగితాలూ తిప్పించుకుంది.